గృహస్థుని స్వాధ్యాయం: శిశుపోషణలో తల్లిదండ్రుల శిక్షణ

మాఘ శుద్ధ పంచమినాడు బాసర జ్ఞానసరస్వతీ ఆలయంలో ఒక దృశ్యం కనబడుతుంది. తండ్రి బాసింపట్టు వేసుకొని కూర్చుంటాడు. అతని ఒడిలో మూడు నాలుగేళ్ళ శిశువు. ప్రక్కన తల్లి. ఎదుట పలక, బలపం, పసుపు కలిపిన అక్షతలు. అర్చకుడు మంత్రం పలుకుతూ ఓంకారం వ్రాయిస్తాడు. శిశువు వేళ్ళ మీద తండ్రి వేళ్ళు, వాటి మీద తల్లి చేయి. ఆ రోజు కోసం కూలి మానుకొని వచ్చినవారుంటారు, సెలవు పెట్టి హైదరాబాదు నుండి రాత్రి రైలులో వచ్చినవారుంటారు. గంటల తరబడి వరుసలో నిలబడతారు. తీరిక లేదని ఇంటివద్ద ఉండిపోయిన తండ్రి అక్కడ బహు అరుదు.

అదే శిశువు మరునాటి నుండి వెళ్ళే అంగన్‌వాడీ కేంద్రంలో నెలకొకసారి తల్లిదండ్రుల సమావేశం జరుగుతుంది. టీచరు పిల్లలు గీసిన బొమ్మలను గోడకు అంటిస్తుంది, చాపలు పరుస్తుంది, ఎదురుచూస్తుంది. కొందరు తల్లులు వస్తారు. ఒకరిద్దరు నాయనమ్మలు, అమ్మమ్మలు వస్తారు. తండ్రి కనబడడు. వచ్చిన తల్లులలోనూ సగం మంది గుడ్ల కోసమో పాల పొట్లాల కోసమో వచ్చి, సంతకం చేసి, గుమ్మంలోనే తిరిగిపోతారు. అక్షరాన్ని ఆరంభించే నాడు ఇద్దరూ అవసరమైనప్పుడు, ఆ అక్షరం శిశువు బుద్ధిలో ఎలా నాటుకుంటుందో వినవలసిన నాడు ఎందుకు అవసరం లేకపోయారు?

దీనికి సాధారణంగా వినవచ్చే సమాధానం ఒకటే. పిల్లలను పెంచడం కూడా ఎవరైనా నేర్పాలా, మా అమ్మ ఏ బడిలో నేర్చుకున్నది? ఈ ప్రశ్నను పరిహాసంగా తోసివేయరాదు. శిశుపోషణ సహజజ్ఞానమనీ, దానికి గురువు అక్కరలేదనీ ఒక సిద్ధాంతమే అందులో ఇమిడి ఉన్నది. దానిలో కొంత సత్యమూ ఉన్నది. వాత్సల్యం స్వాభావికం. దూడను నాకమని ఆవుకు ఎవరూ బోధించరు. కాని వాత్సల్యం వేరు, శిక్ష వేరు. ఆకలిగొన్న శిశువును చూసి తల్లికి పాలు చేపడం మొదటిది. అలిగి నేలమీద దొర్లే నాలుగేళ్ళ బాలుణ్ణి కొట్టకుండా, లొంగిపోకుండా నిలబెట్టుకోవడం రెండవది. ఈ రెండవది ఏ తల్లికీ పుట్టుకతో రాదు. ఇక ఆ అమ్మ నేర్చుకోలేదా అంటే, నేర్చుకున్నది. తోడికోడళ్ళ మధ్య, పినతల్లుల మధ్య, పది మంది పిల్లలు పెరిగిన లోగిలిలో, తనకు పిల్లలు పుట్టకముందే నలుగురిని ఎత్తుకొని తిరిగి నేర్చుకున్నది. పేరు లేని పాఠశాల అది. ఇప్పుడు రెండు గదుల అద్దె ఇంటిలో, తన బిడ్డనే మొట్టమొదటి పసిబిడ్డగా ఎత్తుకొనే తల్లికి ఆ పాఠశాల లేదు.

శాస్త్రం ఈ విషయంలో ఏమంటున్నది? తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోని తొమ్మిదవ అనువాకం గృహస్థుడు అనుష్ఠించవలసిన పన్నెండింటిని వరుసగా పేర్కొంటుంది. ఋతం, సత్యం, తపస్సు, దమం, శమం, అగ్నులు, అగ్నిహోత్రం, అతిథిసేవ, లౌకిక వ్యవహారం, చివరకు సంతానం, ప్రజననం, మనుమల వరకు సాగే వంశవృద్ధి. ఇందులో గమనించవలసిన విశేషం ఒకటున్నది. ప్రతి ధర్మాన్ని పేర్కొన్న వెంటనే స్వాధ్యాయ ప్రవచనాలను, అనగా తాను అధ్యయనం చేయడాన్ని, ఇతరులకు బోధించడాన్ని, ఉపనిషత్తు మళ్ళీ మళ్ళీ జోడిస్తుంది. సత్యం పాటించు, కాని అధ్యయనం మానకు. అతిథిని పూజించు, కాని అధ్యయనం మానకు. అదే విధంగా, సంతానాన్ని కను, పెంచు, కాని అధ్యయనం మానకు. పిల్లలు పుట్టినంత మాత్రాన గృహస్థుని విద్యార్థిత్వం ముగియలేదన్నమాట. ఆ అనువాకం చివర ముగ్గురు ఋషుల అభిప్రాయాలున్నాయి. సత్యమే ప్రధానమని ఒకరు, తపస్సే ప్రధానమని మరొకరు అంటారు. ముద్గల వంశీయుడైన నాకుడు మాత్రం స్వాధ్యాయ ప్రవచనాలే ముఖ్యమనీ, అవే తపస్సనీ నిర్ణయిస్తాడు. ఇక్కడ స్వాధ్యాయం ముఖ్యార్థంలో వేదాధ్యయనమే, సందేహం లేదు. అయినా చేపట్టిన ప్రతి కర్తవ్యంతోనూ అధ్యయనాన్ని పెనవేసిన ఆ దృష్టి, బిడ్డ పెంపకం దగ్గరకు వచ్చేసరికి మాత్రం అధ్యయనం అనవసరమని ఒప్పుకుంటుందని చెప్పడం కష్టం.

పితృఋణం విషయంలోనూ ఒక అపోహ ప్రచారంలో ఉన్నది. సంతానం కలగడంతోనే ఋణం తీరిందని చాలామంది భావన. బృహదారణ్యకం మొదటి అధ్యాయంలో తండ్రి తన సర్వస్వాన్ని పుత్రునికి అప్పగించే సంప్రత్తి అనే ప్రకరణం ఉన్నది. అక్కడ శ్రుతి కేవలం పుత్రుణ్ణి గాక, అనుశిష్టుడైన పుత్రుణ్ణి, అంటే శిక్షణ పొందిన పుత్రుణ్ణి, లోకహితుడని పిలుస్తుంది. అందుకే తండ్రులు పుత్రులను శాసిస్తారని కూడా చెబుతుంది. నాలుగవ అధ్యాయంలో జనకునితో సంభాషించే యాజ్ఞవల్క్యుడు ఇతర ఆచార్యుల మాటను విన్నప్పుడల్లా, తల్లి, తండ్రి, ఆచార్యుడు ముగ్గురి శిక్షణ గలవాడు చెప్పినట్లే చెప్పాడని అంటాడు. ముందు తల్లి, పిమ్మట తండ్రి, ఉపనయనానంతరం ఆచార్యుడు అని శంకర భగవత్పాదులు ఆ క్రమాన్ని వివరించారు. మొదటి ఇద్దరు గురువులూ ఇంటిలోనే ఉన్నారు. మూడవ గురువు అర్హతను గూర్చి తల్లిదండ్రులు ఎంతో విచారిస్తారు. బడి ఏది, రుసుము ఎంత, బస్సు వస్తుందా అని ఊరంతా తిరుగుతారు. మొదటి ఇద్దరి అర్హతను విచారించేవారు లేరు. (అదే ఉపనిషత్తు చివర పండితురాలైన కుమార్తెను కోరుకొనే దంపతుల ప్రస్తావన కూడా ఉన్నది. భాష్యంలో ఆ పాండిత్యం గృహతంత్రానికి పరిమితమైనది. మూలంలోని కోరిక మాత్రం అలాగే నిలిచి ఉన్నది.)

షోడశ సంస్కారాలను ఈ కోణం నుండి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. శైశవ సంస్కారాలలో కర్త శిశువు కాడు. ఆరవ నెలలో అన్నప్రాశన జరిగేటప్పుడు సంకల్పం చెప్పేది తండ్రి. నామకరణంలో శిశువు చెవిలో పేరు పలికేది తండ్రి. సంస్కారం శిశువుది, అనుష్ఠానం తల్లిదండ్రులది. ఏ నెలలో ఏమి పెట్టాలి, ఎప్పుడు వెలుపలికి తీసుకొనిరావాలి, ఎప్పుడు సూర్యుణ్ణి చూపాలి అన్నవి గృహ్యసూత్రాలు తల్లిదండ్రులకు ఇచ్చిన సూచనలు. పురోహితుడు ఇంటికి వచ్చి, పీటల మీద కూర్చోబెట్టి, చేయించి చూపేవాడు. ఆ పురోహితుణ్ణి పిల్లలను పెంచడం మాకు తెలియదా అని ఎవరూ ఆక్షేపించలేదు.

ఆయుర్వేదం ఇంకా ముందుకు వెళ్ళింది. చరకసంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయం ఆటవస్తువుల లక్షణాలను చెబుతుంది. అవి రంగురంగులుగా, శబ్దం చేసేవిగా, మనోహరంగా, తేలికగా ఉండాలి. కొనలు వాడిగా ఉండరాదు. నోటిలో దూరిపోయేటంత చిన్నవి కారాదు. ప్రాణహాని కలిగించేవి గాని, భయపెట్టేవి గాని కారాదు. అంతటితో ఆగలేదు. శిశువును భయపెట్టడం మంచిది కాదనీ, ఏడ్చినా, అన్నం తినకపోయినా, మాట వినకపోయినా రాక్షస పిశాచ పూతనాదుల పేర్లు చెప్పి బెదిరించరాదనీ స్పష్టంగా నిషేధించింది. ఈ నిషేధం వ్రాయవలసి వచ్చిందంటే, బూచివాణ్ణి పిలిచే అమ్మమ్మలు ఆ కాలంలోనూ ఉన్నారన్నమాట. పెద్దల వాడుకలో ఉన్నదంతా సంప్రదాయం కాదు. వాడుకను సరిదిద్దే శాస్త్రమూ సంప్రదాయంలో భాగమే. తెలుగు ఇళ్ళలో నేటికీ పోలీసు పేరు, ఇంజెక్షను పేరు చెప్పి ముద్ద మింగించే తల్లిని చూసి అంగన్‌వాడీ టీచరు అలా వద్దమ్మా అంటే, అది పాశ్చాత్యుల నుండి దిగుమతి అయిన మాట కాదు. చరకుడు చెప్పినదే.

మార్కండేయ పురాణంలోని మదాలసోపాఖ్యానాన్ని ప్రవచనకారులు తరచు ప్రస్తావిస్తారు. ఊయలలోని శిశువుకు ఆత్మతత్త్వాన్ని జోలపాటగా పాడి ముగ్గురు పుత్రులను విరక్తులుగా చేసిన తల్లి ఆమె. ప్రవచనం సాధారణంగా అక్కడితో ఆగుతుంది. నిజానికి శిశుపోషణకు సంబంధించిన పాఠం నాలుగవ పుత్రుడైన అలర్కుని వద్ద ఉన్నది. ముగ్గురూ నివృత్తిమార్గం పట్టారు, రాజ్యానికి ఎవరు దిక్కని భర్త ప్రార్థించగా, మదాలస తన పద్ధతిని మార్చుకున్నది. అలర్కునికి రాజధర్మాన్ని, గృహస్థధర్మాన్ని బోధించింది. బ్రహ్మజ్ఞాని అయిన తల్లి కూడా భర్త మాట విని, ఆలోచించి, బిడ్డ వెళ్ళవలసిన దారిని బట్టి బోధను సవరించుకున్నది. తన పద్ధతి మూడు పర్యాయాలు ఫలించింది గదా అని పట్టుబట్టలేదు. పెద్దవాణ్ణి ఇలాగే పెంచాను, చిన్నవాణ్ణీ ఇలాగే పెంచుతానని భీష్మించే తల్లిదండ్రులకు ఈ కథలో చోటు లేదు.

ఆధునిక భారతంలో ఈ అధ్యయనాన్ని తిరిగి ప్రారంభించినవారిలో ఒక తండ్రిని ముందుగా స్మరించాలి. గుజరాతుకు చెందిన గిజుభాయి బధేకా వృత్తిచేత న్యాయవాది. తన కుమారుణ్ణి ఎలా పెంచాలన్న ఆరాటంతో మాంటిసోరి గ్రంథాలను చదవడం ప్రారంభించి, క్రమంగా న్యాయవాదవృత్తినే విడిచాడు. 1920లో భావనగరంలో బాలమందిరాన్ని స్థాపించాడు. పిల్లల కోసం ఎంత వ్రాశాడో తల్లిదండ్రుల కోసమూ అంత శ్రద్ధగా వ్రాశాడు. ఆయన సహచరి తారాబాయి మోడక్ 1945లో బోర్డీ గ్రామానికి వెళ్ళి, పేదపిల్లలు బాలవాడికి రాకపోతే బాలవాడినే వారి వాకిళ్ళకు తీసుకొనివెళ్ళింది. అంగణంలో నడిచే వాడి గనుక అది అంగన్‌వాడీ అయింది. వాకిట్లో బడి నడుస్తుంటే, గుమ్మంలో కూర్చున్న తల్లి పిలవకుండానే చూస్తుంది. తల్లిదండ్రుల సమావేశానికి ప్రత్యేకంగా ఆహ్వానం పంపవలసిన అవస్థ, ఆ బడి వాకిలి విడిచి నాలుగు గోడల మధ్యకు చేరిన తరువాత కలిగినది.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలోని ఆరు సేవలలో ఆరోగ్య పోషకాహార బోధ ఒకటి. అంటే పెద్దలకు బోధించడం అంగన్‌వాడీకి తరువాత తగిలించిన అదనపు పని కాదు, మొదటినుండి ఉన్నదే. అయితే ఆ బోధ 15 నుండి 45 ఏళ్ళ స్త్రీలకు ఉద్దేశింపబడినది. తండ్రి ఆ పత్రంలోనే లేడు. తండ్రులు రావడం లేదని నిందించేవారు ఈ సంగతిని కూడా గమనించడం న్యాయం. అర్ధశతాబ్దం పాటు పిలవని అతిథి ఇప్పుడు హఠాత్తుగా రాలేదని ఆశ్చర్యపడవలసిన పని లేదు.

ఇట్టి సమావేశాల వలన నిజంగా ఏమైనా ప్రయోజనం ఉన్నదా? ఉన్నదనడానికి బలమైన సాక్ష్యమే ఉన్నది. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1986లో ఒక ప్రయోగం ప్రారంభమైంది. పోషకాహారలోపంతో ఎదుగుదల తగ్గిన, రెండేళ్ళ లోపు పేదపిల్లల ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వారానికొకసారి వెళ్ళి, శిశువుతో ఎలా మాట్లాడాలో, ఇంట్లో చేసిన బొమ్మలతో ఎలా ఆడాలో తల్లులకు చూపారు. అలా రెండు సంవత్సరాలు. సుమారు ఇరవై సంవత్సరాల తరువాత చూడగా, ఆ పిల్లలు ఇతరులకంటె దాదాపు 25 శాతం అధికంగా సంపాదిస్తున్నారని 2014లో ప్రకటించారు. సంపాదన ఒక్కటే ప్రమాణమా అని వేదాంతి అడగవచ్చు, అడగాలి కూడా. కాని తల్లికి నేర్పినది బిడ్డలో ఇరవై ఏళ్ళు నిలిచిందన్న విషయం సంస్కార సిద్ధాంతాన్ని నమ్మేవారికి వింతగా తోచరాదు. ఆ పద్ధతినే ఒడిశా గ్రామాలలో పరీక్షించినప్పుడు, ఇంటింటికి వెళ్ళి చెప్పడం, తల్లులను ఒకచోట కూర్చోబెట్టి చెప్పడం రెండూ దాదాపు సమానంగా ఫలించాయి. ఈ రెండు చోట్లా శిశువులు మూడేళ్ళ లోపువారు. బడిఈడు రాని మూడు నుండి ఆరేళ్ళ పిల్లల విషయంలో బోధించవలసినది కొంత మారుతుంది, అంతే.

ఏమి బోధిస్తారన్న దానికీ భయపడవలసినది లేదు. మూడు నాలుగేళ్ళ శిశువుకు రోజుకు 10 నుండి 13 గంటల నిద్ర, మూడు గంటల ఆట, తెర ముందు గంటకు మించని కాలం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. కథ చెప్పడం, ప్రశ్నకు బదులు చెప్పడం, కొట్టకుండా హద్దు నిలపడం, బియ్యం చెరిగేటప్పుడో బట్టలు మడిచేటప్పుడో లెక్కపెట్టించడం వంటివి మిగిలినవి. మూడేళ్ళ శిశువు చేత నాలుగు గీతల పుస్తకం నింపించవద్దని చెప్పడం వీటన్నిటికంటె కష్టమైన పని. ఎల్‌కేజీలో ఇంటిపని ఇవ్వలేదని బడి మార్పించే తండ్రులున్నారు. అక్షరారంభానికి పూర్వులు నిర్ణయించినది ఐదవ ఏడు. ఒకటవ తరగతికి 2020 నాటి జాతీయ విద్యావిధానం నిర్దేశించినది నిండు ఆరేళ్ళు. ప్రాచీనులూ అధునాతనులూ ఒక్క గొంతుతో ఆగమంటూంటే, నడుమనున్న తల్లిదండ్రులకే తొందర.

ఈ తొందర వెనుక ఉన్నది ప్రేమ అనుకోవడం సగం నిజమే. భగవద్గీత పదమూడవ అధ్యాయం జ్ఞానలక్షణాలను చెబుతూ పుత్రదారగృహాదుల విషయంలో అనభిష్వంగాన్ని వాటిలో చేర్చింది. అభిష్వంగమంటే ప్రేమ కాదు. ఎదుటివాడి సుఖదుఃఖాలు తనవేనని, ఎదుటివాడే తానని భ్రమించేటంత తాదాత్మ్యం. ఈ తాదాత్మ్యం ఉన్న తండ్రికి బిడ్డ అల్లరి తన పరువు. బిడ్డ ఆలస్యంగా మాట్లాడడం తన అవమానం. టీచరు చెప్పిన సలహా తన మీద నేరారోపణ. సమావేశానికి రాకపోవడానికి చెప్పే కారణం తీరిక లేదని, లోపలి కారణం చాలా పర్యాయాలు ఇదే. ధృతరాష్ట్రుడు దుర్యోధనుణ్ణి ప్రేమించలేదని ఎవరనగలరు? విదురుడు రాత్రంతా కూర్చొని చెప్పాడు, సనత్సుజాతుడు వచ్చి చెప్పాడు. ఆ వృద్ధరాజు అంతా విన్నాడు, బాగున్నదన్నాడు, కుమారుని ముందు అశక్తుడయ్యాడు. వినడానికి వేళ మించిపోయింది. దుర్యోధనుడు నాలుగేళ్ళవాడై ఉన్ననాడు ఆ రాజును ఎవరు కూర్చోబెట్టి చెప్పారో భారతం చెప్పదు.

ఇక సమావేశాలు నడిపేవారు తమవంతుగా దిద్దుకోవలసినవి ఉన్నాయి. పగలు పదకొండు గంటలకు పిలిస్తే పత్తి ఏరే కూలి తల్లి రాదు, రాలేదు. గుంటూరు సీమలో మిరప కోతల నెలలలో ఒక పూట అంటే ఒక పూట కూలి. ధర్మం పేరు చెప్పి ఆకలిగొన్నవాని కూలిని త్యాగం చేయమనడం ధర్మం కాదు. సాయంకాలం పెట్టవచ్చు. పొదుపు సంఘాల స్త్రీలు ఎలాగూ కూర్చుంటారు, ఆ కూడికలోనే అరగంట కేటాయించవచ్చు. వచ్చిన తల్లిని అందరి ఎదుట నిలబెట్టి నీ బిడ్డ బరువు తక్కువ అని చదివితే ఆమె మరుసటి నెల రాదు. ఉపన్యాసం ఇస్తే కునుకుతారు, పిల్లలను ఎదుట కూర్చోబెట్టి ఆడి చూపితే లేచి వచ్చి తామూ ఆడతారు. పిలుపు తండ్రి పేరున వెళ్ళాలి. బిడ్డను చూసేది అత్తగారైతే ఆమెనూ పిలవాలి, ఎందుకంటే కోడలు నేర్చుకొని వచ్చినది ఇంట్లో చెల్లడానికి ఆమె సమ్మతి కావాలి. నగరాలలో ఈ బోధనే వేల రూపాయల రుసుముకు అమ్మేవారున్నారు. బిడ్డను మేధావిగా చేస్తామనే హామీ ఎక్కడ వినబడితే అక్కడి నుండి లేచి రావడం ఉత్తమం. అంగన్‌వాడీ టీచరు అలాంటి హామీ ఇవ్వదు, ఆమెకు పిల్లలు తెలుసు.

ఆలయాలు కూడా ఇందులో కొంత చేయగలవు. తండ్రీ తల్లీ ఇద్దరూ బలవంతం లేకుండా, శ్రద్ధతో, శిశువును ఒడిలో ఉంచుకొని కూర్చునే చోటు తెలుగుదేశంలో అక్షరాభ్యాస మండపం ఒకటి ఉన్నది. అర్చకుడు పలక చేతికిచ్చే ముందు పది నిమిషాలు ఆగి, రేపటి నుండి ఈ బిడ్డకు రాత్రిపూట ఒక కథ చెప్పండి, బెదిరించకండి, వ్రాయమని తొందరపెట్టకండి, నెలకొకసారి మీ ఊరి కేంద్రానికి ఇద్దరూ వెళ్ళండి అని సంకల్పంలో భాగంగా పలికించవచ్చు. వరుసలో వెనుక నిలిచినవారు ఆ పది నిమిషాలకు విసుక్కుంటారు. విసుక్కుంటూనే, తమ వంతు వచ్చినప్పుడు తామూ అదే పలుకుతారు.